మిద్దె మీద నాటు టమాటా: కాయ అడుగు నల్లబడుతోంది, కారణం చెప్పగలరా?

మల్కాజిగిరి మిద్దె:

అందరికీ నమస్కారం. మేము హైదరాబాద్‌లోని మల్కాజిగిరిలో ఉంటాం. మూడంతస్తుల ఇంటి మిద్దె మీద నాలుగేళ్లుగా ఆకుకూరలు, బీర, పచ్చిమిర్చి పెంచుతున్నాను. గోంగూర, చుక్కకూర బజారులో కొని రెండేళ్లు దాటింది. టమాటా జోలికి మాత్రం ఈ ఏడాదే వెళ్లాను. అదీ మా అత్తయ్య కోసం.

అత్తయ్యది తణుకు దగ్గర ఒక పల్లె. మామయ్య పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఇక్కడి చారు ఆమెకు సహించదు. ఎన్ని టమాటాలు పిసికినా పులుపు దిగదని, చింతపండు వేస్తే అది చింతపండు చారే అవుతుందని అంటారు. వాళ్ల పెరట్లో కాసే చిన్న కాయల్ని ఇప్పటికీ రామములక్కాయలనే పిలుస్తారు. అవి నున్నగా ఉండవు. ముడతలు పడి చిట్టి గుమ్మడికాయల్లా ఉంటాయి, కాస్త గట్టిగా పట్టుకుంటే చితికిపోతాయి. వేసవిలో ఊరు వెళ్లినప్పుడు ఎవరి పెరట్లోనో దొరికిన పండు గింజలకు బూడిద పట్టించి, పాత చీర ముక్కలో మూటగట్టి తెచ్చారు. ఆ మూట నా చేతిలో పెట్టి, "మొలిస్తే చూద్దాం" అన్నారు.

ఆషాఢంలో నారు పోశాను. 28వ రోజున పదకొండు మొక్కల్ని 20 లీటర్ల పెయింటు డబ్బాల్లోకి మార్చాను. సగం ఎర్రమట్టి, పావు వంతు మాగిన పశువుల ఎరువు, పావు వంతు కొబ్బరిపొట్టు. పోసేది బోరు నీళ్లు. వినాయకచవితి దాటాక పూత పట్టింది. దసరా నాటికి గుత్తులుగా కాయలు దిగాయి.

దసరాకు ఆరు రోజులు ఊరెళ్లాం. కింది ఇంట్లో అబ్బాయికి అప్పగించాను గానీ, వాన పడుతుందనుకుని రెండు రోజులే నీళ్లు పోశాడట. మేము వచ్చేసరికి మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. వారం రోజులు పొద్దునా సాయంత్రం డబ్బా అంచుదాకా నీళ్లు పోశాను. తేరుకున్నాయి. బలం కోసమని పక్కింటివారు చెబితే డబ్బాకు ఒక చెంచా యూరియా కూడా వేశాను. ఆకు ముదురు పచ్చగా, ఏపుగా వచ్చింది.

ఆ తర్వాత మొదలయ్యాయి మచ్చలు. కాయ అడుగున మొదట నీరు పట్టినట్టు కనిపిస్తుంది, తర్వాత గోధుమరంగుకు తిరిగి, చివరకు నల్లటి తోలులా ఎండి లోపలికి గుంటపడుతుంది. నిన్న లెక్కపెడితే 43 కాయల్లో 19కి ఉంది. పురుగు తొలిచిన రంధ్రం ఎక్కడా లేదు. ఆకులు శుభ్రంగా ఉన్నాయి. కాల్షియం తక్కువైందని ఎవరో అంటే ఇరవై కోడిగుడ్ల పెంకులు పొడిచేసి అన్ని డబ్బాల్లో చల్లాను. పన్నెండు రోజులైనా మార్పు లేదు.

ఇంకో సంగతి. మచ్చ లేని కాయలు కూడా పూర్తిగా ఎర్రబడటం లేదు. ముచ్చిక చుట్టూ పచ్చగానే మిగులుతోంది. అదీ తెగులేనా? మొక్కలు పీకేసి మళ్లీ మొదలుపెట్టాలా? అత్తయ్య రోజూ పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, ప్రతి గుత్తినీ తిప్పి చూసి, ఏమీ అనకుండా దిగిపోతున్నారు. అది నేను చూడలేకపోతున్నాను.

కాకినాడ పెరడు:

అయ్యో, పీకకండి! ఆ మచ్చ ఒక కాయ నుంచి ఇంకో కాయకు అంటుకునేది కాదు. కారణం నాకంటే బాగా చెప్పేవారు ఇక్కడున్నారు, వాళ్లు చెబుతారు. నేను వంటింటి సంగతి చెబుతాను.

మచ్చపడిన కాయల్ని ఇప్పుడే కోసేయండి, పారేయకండి. నల్లబడినంత మేర, దానికి కాస్త పైదాకా తీసేస్తే మిగతాది నిక్షేపంగా తినవచ్చు. లోపల బూజు గానీ, వాసన గానీ ఉంటేనే పడేయాలి. పచ్చి టమాటా పచ్చడికి నాటుకాయను మించింది లేదు. ముక్కల్ని నూనెలో పచ్చిమిర్చితో కలిపి, నీరు ఇగిరేదాకా మగ్గించండి. రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి, ముందు వాటిని దంచి, తర్వాత ముక్కలు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరండి. చింతపండు అక్కర్లేదు, పచ్చికాయలో పులుపు సరిపోతుంది. చివర ఇంగువ పోపు. మీ అత్తగారిది తణుకు అన్నారు కదా, ఆవిడ చేత్తోనే పోపు పెట్టించండి.

కృష్ణలంక మిద్దెతోట:

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. దసరా గురించి రాసిన ఆ నాలుగు వాక్యాల్లోనే అసలు సంగతి ఉంది. నాకు 68 ఏళ్లు, విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా మిద్దె మీద పండిస్తున్నాను. ఈ మచ్చతో నేనూ మూడు పంటలు పోగొట్టుకున్నాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

దీన్ని కాయ అడుగు కుళ్లు అంటారు. కుళ్లు అన్నారు గానీ దీనికి పురుగూ శిలీంధ్రమూ కారణం కాదు, మందు కొట్టాల్సిన పని లేదు. కాయ చివరకు కాల్షియం అందకపోవడమే జబ్బు. ఇంతవరకూ మీకు చెప్పినవారు సరిగ్గానే చెప్పారు. అయితే మట్టిలో కాల్షియం లేకపోతేనే ఇలా జరుగుతుందనుకుని అందరూ పెంకుల మీద పడతారు. మీ నీళ్ల బకెట్ లోపలి అంచు ఒకసారి చూడండి. తెల్లటి పొర కట్టి ఉంటుంది. బోరు నీటి నుంచి మిగిలే ఆ పొరలో ఎక్కువగా ఉండేది కాల్షియమే. అంటే మీరు రోజూ డబ్బాలో పోస్తూనే ఉన్నారు. కాయకు చేరకపోవడమే ఇబ్బంది.

కాల్షియం మొక్కలో నీటితో పాటే పైకి ప్రయాణిస్తుంది. ఆకుల నుంచి నీరు ఎక్కువగా ఆవిరవుతుంది కాబట్టి సింహభాగం ఆకులకే పోతుంది. కాయ నుంచి ఆవిరయ్యేది చాలా తక్కువ, కాబట్టి దానికి దక్కేదీ తక్కువే. అందులోనూ కాయ అడుగు అన్నిటికంటే చివర. పిందె వేగంగా పెరిగే రోజుల్లో మట్టి ఒక్కసారి బాగా ఎండితే ఆ చివరికి సరఫరా ఆగిపోతుంది, అక్కడి కణాలు చనిపోతాయి. చనిపోయినవి తిరిగి రావు. అందుకే మచ్చపడిన కాయ బాగుపడదు, దాన్ని కోసేస్తే ఆ బలం మిగతా కాయలకు పోతుంది.

మీరు ఊరెళ్లినప్పుడు జరిగింది ఇదే. వచ్చాక వారం పాటు అంచుదాకా పోయడంతో వేళ్లకు గాలి ఆడలేదు. ఊపిరాడని వేరు నీటిని సరిగ్గా లాగదు. అంటే రెండుసార్లు దెబ్బ తగిలింది. దాని మీద యూరియా. యూరియా మట్టిలో అమ్మోనియంగా మారుతుంది, అది వేరు దగ్గర కాల్షియానికి అడ్డుపడుతుంది. పైగా ఆకును ఏపుగా పెంచుతుంది, ఆ ఆకులు కాయ వంతు కూడా లాక్కుంటాయి. ముదురు పచ్చగా నిగనిగలాడుతోందని సంతోషించారు చూడండి, నేనూ ఒకప్పుడు అలాగే సంతోషించాను.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. యూరియా మళ్లీ ముట్టవద్దు. రోజూ ఒకే వేళకు, పొద్దున్నే, రెండు అంగుళాల లోతు వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి నాలుగు చుక్కలు కారేదాకా పోయండి. కాస్త తడిగా ఉంటే మానండి. మట్టి మీద మూడు వేళ్ల మందాన ఎండుటాకులు పరచండి. ఈ కాలంలో ఆకులకేం కొదవ, వీధిలో ఊడ్చి తగలబెట్టేవాటినే తెచ్చుకోండి. పెంకుల పొడి ఉంటే ఉండనివ్వండి, మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు ఉపయోగపడదు. మళ్లీ ఊరెళ్లాల్సి వస్తే డబ్బాలన్నీ గోడ నీడకు జరిపి, మధ్యలో స్టూలు మీద నీళ్ల బకెట్ పెట్టి, పాత నూలు చీర పీలికల్ని వత్తుల్లా పేని ఒక కొస బకెట్‌లో, ఒక కొస మట్టిలో పాతండి. ముందు రెండు రోజులు ఇంట్లో ఉండగానే పరీక్షించి చూసుకోండి.

ఇక ముచ్చిక చుట్టూ పచ్చదనం. అది తెగులు కాదమ్మా, మీ విత్తనం పాతదనడానికి గుర్తు. ఒకప్పటి టమాటాలన్నీ భుజాల దగ్గర ముదురు పచ్చగా ఉండేవి. కాయ అంతా ఒకేసారి ఒకే రంగుకు తిరిగితే కోయడానికి, అమ్మడానికి సులువని, అలాంటి మొక్కల్నే ఏరి పెంచుకుంటూ వచ్చారు. అలా ఏరడంలో ఒక జన్యువు దెబ్బతిన్నదని, పచ్చికాయలో చక్కెర తయారీకి తోడ్పడేది అదేనని 2012లో శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే ఆ పచ్చటి భుజంలో కాస్త తీపి ఎక్కువ దాగి ఉంటుంది. భుజం పచ్చగా ఉన్నా కింది భాగం ఎర్రబడి మెత్తబడితే కోసేయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు. 12 డిగ్రీల కంటే చల్లగా ఉంటే టమాటా వాసన పోతుంది, ఆ వాసనే చారుకు ప్రాణం.

మదనపల్లె మడి:

అక్కా, నేను టమాటా రైతుని. మీ అత్తగారు చెప్పింది నిజం. మేము బజారుకు పంపే కాయలో ఆ రుచి ఉండదు, అది మాకూ తెలుసు. మా ప్రాంతం దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, కింది జిల్లాల్లో ఎండకు పూత రాలిపోయే నెలల్లో కూడా మాకు కాపు నిలుస్తుంది. అందుకే దూరప్రాంతాల లారీలు మా దగ్గరికి వస్తాయి. ఆ లారీలో పెట్టె మీద పెట్టె వేసి రెండు మూడు రోజులు ప్రయాణం. తోలు మందంగా, కండ గట్టిగా ఉన్న రకమే తట్టుకుంటుంది. అదీ రంగు తిరగడం మొదలైన దోరకాయగా కోయాల్సిందే. మీ అత్తగారి రామములక్కాయ మా తోట నుంచి బజారు దాకా కూడా రాదు. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటినప్పుడూ, ధర పడిపోయి కోత కూలి కూడా రానప్పుడూ మేము పండించింది ఆ గట్టికాయే. ఇంటి కోసం మాత్రం బావి గట్టున రెండు వరుసల నాటు మొక్కలు వేస్తాం. మా అమ్మ వాటితోనే పప్పు చేస్తుంది.

ఒక్క జాగ్రత్త. నాటు విత్తనానికి ఆకుముడతను తట్టుకునే శక్తి ఉండదు. పై ఆకులు పసుపు తిరిగి దోనెల్లా ముడుచుకుంటే ఆ మొక్కను వెంటనే తీసేయండి, తెల్లదోమ దాన్ని మిగతావాటికి అంటిస్తుంది. వారానికోసారి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి ఆకు అడుగున సాయంత్రం పూట కొట్టండి. డబ్బాల మధ్య నాలుగు బంతి మొక్కలు పెట్టండి, కాయతొలుచు పురుగు తల్లి వాటి మీద గుడ్లు పెడుతుంది. పచ్చపురుగులు కనిపిస్తే చేత్తో ఏరేయవచ్చు.

మల్కాజిగిరి మిద్దె:

అందరికీ చేతులెత్తి దండం. బాబాయిగారూ, మీరు చెప్పినట్టే బకెట్ చూశాను, గోరుతో గీకితే రాలేంత మందాన తెల్లటి పొర ఉంది. 19 కాయలూ ఈ పొద్దున్నే కోశాం. పచ్చడి అత్తయ్యే నూరారు. కాకినాడ అక్కయ్యగారికి చెప్పమన్నారు, నువ్వులతో పాటు నాలుగు మెంతులు కూడా వేయించి దంచాలట. గొడవపడకండి, నేను మాత్రం రెండు రకాలూ తింటాను.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఈ విత్తనం మళ్లీ ఆ ఊళ్లో దొరుకుతుందో లేదో. నా మొక్కల నుంచే తీసి దాచుకుంటే వచ్చే ఏడాది ఇవే కాయలు కాస్తాయా?

కృష్ణలంక మిద్దెతోట:

కాస్తాయమ్మా. టమాటా పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే తాను కట్టుకుంటుంది, కాబట్టి నాటు రకం పెద్దగా మారదు. సంకరజాతి విత్తనమైతేనే రెండో తరంలో ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది.

అన్నిటికంటే ఆరోగ్యంగా ఉన్న మొక్కను ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, కొమ్మకు ఎర్రదారం కట్టండి. దాని రెండో గుత్తిలో మంచి పండు రెండింటిని బాగా మెత్తబడేదాకా చెట్టునే ఉంచండి. గింజల్ని జిగురుతో సహా గాజు గ్లాసులోకి పిండి, కొద్దిగా నీళ్లు పోసి, గుడ్డ కప్పి రెండు మూడు రోజులు వదిలేయండి. పైన నురగ, బూజులాంటి పొర వస్తుంది, వాసన వేస్తుంది, కంగారుపడవద్దు. గింజను మొలవనీయకుండా ఆపే జిగురు అలా పులిస్తేనే వదులుతుంది. తర్వాత కడిగి, తేలినవి పారబోసి, మునిగిన గింజల్ని స్టీలు పళ్లెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి. గలగలమనేలా ఆరాక సీసాలో పోసి, మీద తేదీ రాయండి. నాలుగేళ్లు మొలకెత్తుతాయి. రెండు కాయల గింజలు మీకు, నాకు, ఇంకో పదిమందికి సరిపోతాయి. నాకు ఒక చిటికెడు పంపండి, పోస్టు ఖర్చు నాది.

మల్కాజిగిరి మిద్దె:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. ఎండుటాకులు పరిచాక మధ్యాహ్నం కూడా మట్టి తడిగానే ఉంటోంది, రోజు విడిచి రోజు నీళ్లు పోస్తే సరిపోతోంది. కొత్తగా దిగిన గుత్తుల్లో 31 కాయలున్నాయి, మచ్చ ఒక్కదానికే వచ్చింది. ఆకుముడత వచ్చిన మొక్క ఒకటి కనిపిస్తే అదే సాయంత్రం తీసేశాను, ఇప్పుడు పది మిగిలాయి.

మొన్న ఆదివారం మొదటిసారి చెట్టున పండినవి ఎనిమిది కోశాను. అత్తయ్య వాటిని చేత్తోనే పిసికి, తొక్కలు తీసేసి, చింతపండు లేకుండా మిరియాలు, జీలకర్ర, కరివేపాకుతో చారు కాచారు. అన్నంలో కలుపుకున్నాక, ఇంకో గరిటె గిన్నెలో పోయించుకుని తాగారు. ఇక్కడికి వచ్చాక ఆమె మారు వడ్డించుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

బాబాయిగారూ, ఎర్రదారం కట్టిన మొక్క నుంచి గింజలు తీశాం. నురగ వచ్చింది, కడిగాం, స్టీలు పళ్లెంలో ఆరుతున్నాయి. ఆ పళ్లెం ఇప్పుడు అత్తయ్య మంచం పక్కన కిటికీలో ఉంది, పిల్లల్ని ఆ ఛాయలకు రానివ్వడం లేదు. ఆరాక మీకూ, మదనపల్లె తమ్ముడికీ పొట్లాలు కడతానన్నారు. బూడిద పట్టించే పంపుతారట.