పైకప్పు మీది టెలిస్కోపు ఉండాలా, తీసేయాలా?

ధ్రువుడు:
నేను భౌతిక, ఖగోళశాస్త్ర విభాగంలో ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. మా భవనం పైన 35 సెంటీమీటర్ల అద్దం ఉన్న టెలిస్కోపు ఒకటి ఉంది. గుమ్మటం తిప్పే మోటారు పనిచేయడం మానేసి చాలా కాలమైంది. ఇద్దరం భుజాలు ఆనించి తోస్తాం. ఇప్పుడు దాన్ని విప్పేసి, ఆ గదిలో కంప్యూటర్లు పెట్టి, పరిశీలన ప్రయోగాలన్నీ ఆర్కైవ్ డేటాతోనే, అంటే వేరే టెలిస్కోపులు ఇదివరకే నమోదు చేసి దాచిన డేటాతోనే, చేయించాలని ప్రతిపాదన వచ్చింది. విద్యార్థుల తరఫున అభిప్రాయం రాసి ఇచ్చే పని నా నెత్తిన పడింది. నాకు ఏ పక్షమూ పూర్తిగా నచ్చడం లేదు. మీరేమంటారు? చుక్కల కింద మనసు పులకిస్తుంది లాంటి మాటలు మాత్రం వద్దు, సమావేశంలో నవ్వుతారు.

రెండోచూపు:
తీసేయాలి. ఇందులో ఇంత తర్జనభర్జన ఎందుకో నాకు అర్థం కాదు. గాయా ఉపగ్రహం దాదాపు 180 కోట్ల నక్షత్రాలను కొలిచి పెట్టింది. 8.4 మీటర్ల అద్దం, 3200 మెగాపిక్సెళ్ల కెమెరా ఉన్న రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. వీధిదీపాల వెలుగులో మునిగిన మీ 35 సెంటీమీటర్లు వీటికి అదనంగా ఏం చెబుతాయి?

పాత డేటాలో కొత్తది దొరకదనేవారికి ఒక ఉదాహరణ. 2001లో ఆస్ట్రేలియాలోని 64 మీటర్ల పార్క్స్ రేడియో టెలిస్కోపు నమోదు చేసిన డేటాను ఖగోళ శాస్త్రవేత్త డంకన్ లోరిమర్ బృందం కొన్నేళ్ల తరవాత తిరగేసింది. అందులో అయిదు మిల్లీసెకన్లు కూడా నిలవని ఒక రేడియో మెరుపు కంటపడింది ఒక డిగ్రీ విద్యార్థికి. 2007లో ఆ ఫలితం అచ్చయింది. ఈ మెరుపుల మీద ఈనాడు జరుగుతున్న పరిశోధనంతా అక్కడే మొదలైంది. ఆ మెరుపు వచ్చిన రోజున ఆ విద్యార్థి పార్క్స్‌లో లేడు. ఉండాల్సిన అవసరమూ లేదు.

రాత్రిబడి:
మంచి ఉదాహరణే. దానికి సరిజోడు నా దగ్గర ఉంది. 2014 జనవరి 21 సాయంత్రం, యూనివర్సిటీ కాలేజ్ లండన్ వారి అబ్జర్వేటరీలో అధ్యాపకుడు స్టీవ్ ఫాసీ నలుగురు డిగ్రీ విద్యార్థులకు కెమెరా వాడకం చూపిస్తున్నారు. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఉన్న కాసేపట్లో బాగా కనబడుతుందని ఎం 82 గెలాక్సీ వైపు తిప్పారు. అందులో ఉండకూడని చోట ఒక చుక్క ఉంది. అదే ఎస్‌ఎన్ 2014జె, సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పేలిన సూపర్‌నోవా. టెలిస్కోపు ఎంతదనుకున్నారు? సరిగ్గా 35 సెంటీమీటర్లు, అదీ లండన్ దీపాల మధ్య. అంతకు కొన్ని రోజుల ముందు నుంచే యంత్రాలు తీసిన చిత్రాల్లో అది ఉంది. ఎవరూ గమనించలేదు, అంతే.

ఇంకొకటి. 2018లో ఎగిరిన టెస్ ఉపగ్రహం వేరే నక్షత్రాల గ్రహాలను వెతుకుతుంది: గ్రహం అడ్డొస్తే నక్షత్రం వెలుగు కాస్త తగ్గుతుంది, దాన్ని పడుతుంది. దాని కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) గడి. ఒకే గడిలో మూడు నాలుగు నక్షత్రాలు ఇరుక్కుంటే, వెలుగు తగ్గింది దేనిదో దానికి తెలియదు. పక్కనున్న జంట నక్షత్రాలు ఒకదాన్నొకటి మరుగు చేసుకున్నా గ్రహం అడ్డొచ్చినట్టే కనబడుతుంది. తేల్చాలంటే నేల మీది చిన్న టెలిస్కోపులు కావాలి, విశ్వవిద్యాలయాలవీ ఔత్సాహికులవీ ఆ పని చేస్తూనే ఉన్నాయి. 1999లో హెచ్‌డి 209458 నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటుతుంటే వెలుగులో వచ్చిన ఒకటిన్నర శాతం తగ్గుదలను మొదట పట్టుకున్నవాటిలో ఒకటి 10 సెంటీమీటర్ల టెలిస్కోపే.

రెండోచూపు:
లాటరీ తగిలినవారి కథ చెప్పి అందరినీ టికెట్లు కొనమంటున్నారు. ఏమీ దొరకని రాత్రుల లెక్క ఎవరూ రాయరు.

అసలు మాట వేరే ఉంది. రాత్రి పదకొండు దాటాక ఆ పైకప్పు మీద ఎవరుంటారు? వసతిగృహంలో ఉండేవారు. రోజూ దూరం నుంచి వచ్చిపోయేవారికి, ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలకు, ఇనుప మెట్లు ఎక్కలేనివారికి మీ సూపర్‌నోవా అందదు. నేను చదివిన చోట ఇద్దరు సహాధ్యాయులు ఇతరుల రీడింగులు నకలు చేసి రికార్డు నింపారు. బద్ధకంతో కాదు, ఆఖరి బస్సు తప్పిపోతుందని.

చుక్కలరాయుడు:
మన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగానే 1949లో తోకచుక్కను కనిపెట్టారు. టెలిస్కోపు తీసేస్తే అలాంటివారు ఎక్కడి నుంచి వస్తారు?

రెండోచూపు:
అది కనబడింది ఫొటో ప్లేటు మీద. ప్లేటు ఆకాశమా, డేటానా? ఇంతకీ మీరు ఎవరి పక్షం?

చుక్కలరాయుడు:
అంత దూరం ఆలోచించలేదు.

పానా:
ఒక విభాగం వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. టెలిస్కోపును పాడుచేసేది వాడకం కాదు, మూత పెట్టి మరిచిపోవడం. పట్టాలకు గ్రీజు పెట్టేవారు లేక గుమ్మటం చక్రాలు బిగుసుకుంటాయి, ఆ బరువు లాగలేక మోటారు కాలుతుంది, అందరూ మోటారును తిడతారు. ఎవరి బాధ్యతో కాగితం మీద లేని యంత్రం గతి ఇంతే. ఆ గదిలో కంప్యూటర్లు పెడితే అయిదేళ్లకు వాటి గతీ ఇదే.

రాత్రిబడి:
ఆఖరి బస్సు మాటకు నా దగ్గర జవాబు లేదు. కింది గదిలో కూర్చుని నడిపే ఏర్పాటు చేస్తే మెట్ల బాధ తీరుతుంది, రాత్రి బాధ తీరదు.

అయితే నేను అదృష్టం కోసం టెలిస్కోపు ఉంచమనడం లేదు. ఒక రాత్రి మేము ఒక నక్షత్రం వెలుగును వరసగా కొలిచి గీత గీస్తున్నాం. గీత నున్నగా సాగుతూ, అర్ధరాత్రి దాటాక ఒక్కసారిగా ఒక శాతం పడింది. గ్రహం దొరికిందని ఎగిరి గంతేశాం. తెల్లవారి లాగ్‌బుక్ తీస్తే సరిగ్గా ఆ నిమిషంలోనే, నక్షత్రం మధ్యాహ్నరేఖ దాటిందని, టెలిస్కోపును స్తంభానికి రెండో వైపుకు తిప్పినట్టు నా చేతిరాతే ఉంది. తిప్పగానే చిత్రం తలకిందులై నక్షత్రం వేరే పిక్సెళ్ల మీద పడింది. అక్కడ దుమ్ము నీడ ఉంది. దాన్ని సరిచేసే ఫ్లాట్ చిత్రాలు (సమానమైన వెలుగును చూపి తీసేవి) సాయంత్రం తీయకుండా బద్ధకించిందీ నేనే. ఆర్కైవ్‌లో అయితే ఇలాంటివి ఇంకెవరో ముందే తుడిచి ఇస్తారు.

రెండోచూపు:
తుడిచి ఇస్తారని ఎవరన్నారు? టెస్ చిత్రాల్లో భూమి వెలుగు, చంద్రుడి వెలుగు చిమ్మి నేపథ్యం పొంగుతుంది. దిశను నిలిపే చక్రాల వేగం దించడానికి థ్రస్టర్లు అనే చిన్న రాకెట్లు మండించిన ప్రతిసారీ నక్షత్రాలు కాస్త జరుగుతాయి. నేను పాఠం చెప్పే పిల్లలు వాటినీ గ్రహాలనుకుని పరుగెత్తుకొస్తారు. ఒక్క తేడా ఒప్పుకుంటాను. మీ తప్పు మీ చేతిరాతలోనే దొరికింది. మా పిల్లలు అది ఎక్కడిదో తెలియాలంటే డేటాతో వచ్చే వివరణ పత్రం చదవాలి. చదవరు.

ధ్రువుడు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా రాసి ఇద్దామనుకుంటున్నాను. టెలిస్కోపు ఉంచాలి, కానీ కోర్సులో రాత్రి పని ఒక్కటే: ప్రతి జట్టూ టెస్ సూచించిన ఒక నక్షత్రాన్ని మొదట ఉపగ్రహం డేటాలో చూసి, తరవాత మన అద్దంతో కొలిచి, రెండూ పక్కపక్కన పెట్టాలి. రాత్రి ఉండలేనివారికి చిత్రాలను శుద్ధి చేసే పని, మార్కులు సమానం. యంత్రానికి ఒక బాధ్యుడి పేరు కాగితం మీద ఉండాలి. ఏడాదిలో ఒక్క మంచి కొలత కూడా రాకపోతే విప్పేయవచ్చు.

రెండోచూపు:
ఏడాది ఎక్కువ. ఒక్క సెమిస్టరు చాలు. రాత్రి చేసినవారికి, చేయనివారికి మార్కులు నిజంగా సమానంగా పడ్డాయో లేదో కూడా చూసి చెప్పండి. అప్పటివరకు నా ఓటు తీసేయడానికే.

పానా:
మోటారు కొనకముందు పట్టాలు చూడండి. చక్రాలు శుభ్రం చేసి గ్రీజు పెట్టాక గుమ్మటాన్ని ఒక్కరే తోయండి. అప్పుడూ ఇద్దరు కావలసి వస్తే కొత్త మోటారు కూడా నెలలో కాలుతుంది.