సమస్యాపూరణం: ‘నిలిచియున్న చెట్టు నెలను దాటె’

నిర్వాహకులు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. ఇక్కడ నెల అంటే చంద్రుడు. యతి ని–నె. గాలివాన, గొడ్డలి, గంధర్వుల శాపం వద్దు. చూసేవాడి తల, చూపు, దూరాలతోనే పూరించండి.

పల్లెపదం:
రైలు కదలుచుండ రాత్రివేళను జూడఁ
జేరువైన దెల్ల చివ్వునఁ జను
చాల దవ్వు నుండు చందురుం డటె నిల్వ
నిలిచియున్న చెట్టు నెలను దాటె

నిర్వాహకులు: బాగుంది. గంటకు 72 కి.మీ. వేగంతో పోయే రైల్లోంచి, 20 మీటర్ల దూరంలోని చెట్టు సరిగ్గా ఎదురైన క్షణాన సెకనుకు 57 డిగ్రీల చొప్పున జారుతుంది. రెండు కి.మీ. అవతలి గుట్ట అర డిగ్రీ పైచిలుకు. చంద్రుడికి దాదాపు సున్న. అయితే చూపు చంద్రుడి మీద ఉంటేనే చెట్టు వెనక్కి పోతుంది. చెట్టు మీదే చూపు నిలిపితే చంద్రుడు మనతోపాటు ముందుకు పరుగెడతాడు. రెండో పాదంలో ఆ షరతు లేదు.

ఒంటికన్ను:
ఒంటికంటఁ జూచి యొకవైపు తలఁ ద్రిప్పఁ
గొమ్మ యెదురు దిశగఁ గులికి జరుగు
నింగిలోని రేడు నిశ్చలమ్ముగ నుండ
నిలిచియున్న చెట్టు నెలను దాటె

నిర్వాహకులు: ఛందస్సు సరే, ‘త్రిప్ప’ దగ్గరే చిక్కు. తల తిప్పితే దగ్గరిదీ దూరపుదీ ఒకే కోణంలో తిరుగుతాయి. మెడ ఇరుసుకు కన్ను కాస్త ముందుంటుంది కాబట్టి ఏదో కొద్ది తేడా వస్తుందంతే. తల పక్కకు జరగాలి. ఎంత? చంద్రబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ. పది మీటర్ల దూరంలోని కొమ్మ అంచు దాన్ని పూర్తిగా దాటాలంటే తల 9 సెం.మీ. జరగాలి, వంద మీటర్లకు 90 సెం.మీ. బెత్తెడు చాలదు, జేన కావాలి:
ఒంటికంటఁ జూచి యొకజేన తల జర్పఁ

పల్లెపదం: తల కదలకుండా వస్తువే కదిలితే లోతు (ఏది దగ్గర, ఏది దూరం అన్నది) తెలియదా?

ఒంటికన్ను: తెలుస్తుంది. 1979లో రోజర్స్, గ్రాహం అనే దృష్టి పరిశోధకులు చెదురు చుక్కల తెరను ఒంటికంటికి చూపారు. కదలిక లేనప్పుడు అది చదును. తల కదలికకు ముడిపెట్టి చుక్కలను జరిపినా, తల నిలిపి తెరనే జరిపినా ముడతలు పడ్డ ఉపరితలం కనిపించింది. తల ఆగినప్పుడు ఒక్కోసారి ఏది ముందు, ఏది వెనుక అన్నది తారుమారవుతుంది. తిరిగే వంపు తీగ నీడను చూడండి, తీగ ఎటు తిరుగుతోందో ఇదమిత్థంగా చెప్పలేం.

పచ్చగడ్డి:
ఒడలు నూపి మిడుత యొడుపుగాఁ గనుగొనె
గడ్డిపరక దవ్వుఁ గనుల కొలత
మిడుత కంటిలోన మిన్ను కదలకుండ
నిలిచియున్న చెట్టు నెలను దాటె

నిర్వాహకులు: ‘ఒడలు నూపి’ అసాధువు. ఉత్వసంధి నిత్యం, ‘ఒడలూపి’ అవుతుంది. ‘ఒడలి నూపి’ అంటే గణాలు చెడవు. విషయం మాత్రం నిక్కం. దూకే ముందు మిడుత అటూ ఇటూ ఊగి దూరం అంచనా కడుతుంది. దాని ఊపుకు ఎదురుగా గమ్యాన్ని జరిపితే కంట్లో కదలిక పెరుగుతుంది. దగ్గరే ఉందనుకొని చాలని దూకు దూకుతుంది. ఊపుతోపాటే జరిపితే ఎక్కువ దూరం దూకుతుంది. పరక కొలత చెప్పి చివర చెట్టునూ నెలనూ తేవడం అతికినట్టు లేదు, మూడో పాదం మళ్ళీ రాయండి.