టీవీలో అమ్మే మందులకి చానల్‌దే పూచీ అనాలా, కొనేవాళ్ళ ఇష్టం అని వదిలేయాలా?

తెల్లకాగితం:
మా నాన్నగారికి డెబ్భై నాలుగు, మోకాళ్ళ నొప్పులు. మధ్యాహ్నం మేమంతా ఆఫీసుల్లో ఉండే టైంలో టీవీలో ఒక ప్రోగ్రాం వస్తుంది, తెల్ల కోటు వేసుకున్న ఒకాయన, పక్కన తలూపుతూ ఒక యాంకర్, మధ్యమధ్యలో "సార్ మీ మందు వాడాక మెట్లెక్కుతున్నాను" అని ఏడుస్తూ ఫోన్ చేసే ఒకావిడ. చూస్తే అచ్చం హెల్త్ ప్రోగ్రామే. చానల్ వాళ్ళు అమ్ముకున్న అరగంట అది, యాడ్ అని కింద సన్నక్షరాల్లో ఒకే ఒక్కసారి పడుతుంది, కళ్ళజోడు పెట్టుకున్న నేనే రెండోసారి చూస్తే గానీ పట్టుకోలేకపోయాను, శుక్లాలున్న మనిషికి ఏం కనపడుతుంది చెప్పండి. నాన్న ఆ నంబర్ డైరీ చివరి పేజీలో ఇంతింత అంకెలతో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీసుకున్నారు. ఐదు నెలలు మాకు తెలీకుండా తెప్పించుకుని వాడారు. నొప్పి నిజంగానే తగ్గింది. ఆ తర్వాత ముఖం గుండ్రంగా ఉబ్బింది, చెయ్యి ఎక్కడైనా తగిలితే చాలు కమిలిపోయేది, ఎప్పుడూ లేని షుగర్ వచ్చింది. డాక్టర్‌గారు చూడగానే అడిగిన మొదటి మాట "స్టెరాయిడ్ ఏమైనా వాడుతున్నారా" అని. డబ్బా మీద మాత్రం అన్నీ మూలికలే. అందుకే అడుగుతున్నా, డబ్బు తీసుకుని ఆ అరగంట ఇచ్చిన చానల్‌కి ఇందులో బాధ్యత లేదా?

నిక్కచ్చి:
మీ నాన్నగారి విషయం వింటే బాధేసింది, కానీ చానల్ ప్రతి యాడ్‌నీ ల్యాబ్‌లో టెస్ట్ చేయించలేదు కదండీ. ఇంకోటి, మా అమ్మ టీవీలో చూసి తెప్పించుకున్న నూనెతో రెండేళ్ళుగా హాయిగా నడుస్తోంది. హాస్పిటల్‌కి తీసుకెళ్తే డాక్టర్ ఆమె ముఖం కూడా సరిగ్గా చూడకుండా రెండు నిమిషాల్లో పంపించేశాడు, టీవీలో ఆయన అరగంట సేపు ఆమె బాధ గురించే మాట్లాడాడు. జీవితమంతా ఇల్లు నడిపినవాళ్ళని ఇప్పుడు చిన్నపిల్లల్లా చూసి ఇది కొనకు అది చూడకు అంటే వాళ్ళకి గౌరవం ఏముంటుంది?

మందులచీటీ:
మెడికల్ షాపులో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నా, రెండు మాటలు చెప్తా.

ఒకటి, నిక్కచ్చి గారూ, మీ అమ్మగారికి తగ్గడం అబద్ధం అనను. కానీ కీళ్ళ నొప్పి అలల్లా వస్తుంది, బాగా ఎక్కువైన రోజునే మనిషి ఫోన్ చేసి ఆర్డర్ పెడతాడు, అది దానంతటదే దిగే టైంకి పార్సిల్ వస్తుంది, పేరు మందుకి పోతుంది. 2006లో కీళ్ళకి మంచివని అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రల మీద 1583 మంది మోకాళ్ళ నొప్పుల పేషెంట్లతో పెద్ద ట్రయల్ చేశారు, అందులో మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో కూడా 60 శాతం మందికి నొప్పి కనీసం ఐదో వంతు తగ్గింది! అందరినీ కలిపి చూస్తే ఆ మాత్రలకీ ఉత్తుత్తి మాత్రకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే "నాకు తగ్గింది" అని ఫోన్ చేసే ఆవిడ నిజమే చెప్తున్నా సరే, అది సాక్ష్యం కాదు.

రెండు, స్టెరాయిడ్ కలపడం మా వాళ్ళు ఎప్పటినుంచో చూస్తున్నదే. 2022లో అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, కీళ్ళనొప్పులకి సప్లిమెంట్ అని అమ్ముతున్న ఆర్ట్రి కింగ్ అనే దాంట్లో లేబుల్ మీద లేని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఉన్నాయని హెచ్చరికలు ఇచ్చింది. తెల్లకాగితం గారూ, దయచేసి ఒక్కసారిగా మాత్రం ఆపించకండి. నెలల తరబడి బయటినుంచి స్టెరాయిడ్ అందితే ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ని మామూలుగా తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి, టక్కున ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు, డాక్టర్ చూస్తూ మెల్లగా తగ్గించాలి. ఇది చదివే మిగతావాళ్ళకి కూడా చెప్తున్నా, ఇంట్లో ఇలాంటి డబ్బా దొరికితే కోపంతో బయట పారేయకండి, డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్ళండి.

నిక్కచ్చి:
ఆపేటప్పుడు అంత ప్రమాదమని నాకు తెలీదు, థాంక్స్. అయినా అడుగుతున్నా, తప్పు కలిపినవాడిది. చానల్‌ది ఎలా అవుతుంది?

తెల్లకాగితం:
కలిపినవాడిదే, కాదనను. కానీ నాన్న వాడిని నమ్మలేదండీ, చానల్‌ని నమ్మారు. పొద్దున వార్తలు చెప్పిన అదే లోగో మూలన ఉంది కదా అందుకని. ల్యాబ్ టెస్టులు చేయించమని నేను అనట్లేదు, "ఈ మాట చెప్పడానికి ఆధారం ఏది" అని స్లాట్ అమ్మేముందు ఒక్క కాగితం అడగొచ్చు. ఆ కాగితాన్ని కూడా చదివేవాళ్ళు కావాలి లెండి. అమెరికాలో ప్రివాజెన్ అని పెద్దవాళ్ళకి జ్ఞాపకశక్తి పెరుగుతుందని టీవీల్లో ఊదరగొట్టిన మాత్ర ఉంది, కంపెనీ 218 మందితో చేయించుకున్న సొంత స్టడీలోనే మొత్తం మీద అది ఉత్తుత్తి మాత్రని దాటలేదు, అప్పుడు ఆ లెక్కల్నే ముక్కలుగా కోసి కలిసొచ్చిన ముక్కని చూపించారని ప్రభుత్వం 2017లో కేసు వేసింది. ఆ జ్ఞాపకశక్తి మాటలు చెప్పొద్దని కోర్టు ఆర్డర్ వచ్చేసరికి 2024 డిసెంబర్. ఏడేళ్ళ పైనే! డెబ్భై దాటిన మనిషికి ఏడేళ్ళంటే ఎంత కాలమో ఆలోచించండి. అందుకే టీవీలోకి రాకముందే ఆగాలి అంటున్నా.

గౌరవం గురించి మీరన్న మాట మాత్రం నాకు గట్టిగా తగిలింది. డైరీ చూసిన రోజు నేను నాన్న మీద అరిచాను, "చదువుకున్నవాళ్ళు కూడా ఇలా మోసపోతారా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత అమ్మతో అన్నారట, ఆర్డర్ తీసుకునే అమ్మాయి వారం వారం ఫోన్ చేసి "ఇప్పుడెలా ఉంది నాన్నగారూ" అని అడిగేదని. అది సేల్స్ కాల్ అని ఆయనకీ తెలుసు. నేను అడిగి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు రాలేదు. అయినా ఆ ఒంటరితనం మీదే వ్యాపారం చేస్తుంటే దాన్ని ఆయన ఇష్టం అని నేను వదిలేయలేను.

ఇప్పుడు డాక్టర్‌గారు ఇంకో స్టెరాయిడ్ మాత్ర రాసి డోస్ కొంచెం కొంచెం తగ్గిస్తున్నారు, షుగర్ రోజూ చూస్తున్నాం, ముఖం వాపు కొద్దిగా దిగింది. నొప్పి మాత్రం మళ్ళీ వచ్చింది. తొడ కండరాలకి బలం రావడానికి కుర్చీలో కూర్చుని కాలు చాపే ఎక్సర్‌సైజు ఇచ్చారు, రాత్రి నేను పక్కన కూర్చుని లెక్కపెడుతున్నా, నిన్న పన్నెండు దాకా చేశారు. మందులచీటీ గారూ, ఆ డబ్బాలో ఇంకా సగం ఉంది, టెస్ట్ చేయించాలంటే ఎవరికివ్వాలో తెలిస్తే చెప్పండి.