శేషాచలంలో శాశ్వత నమూనా ప్లాట్లు: ఒకే ప్లాటు పలు అవసరాలకు ఉపయోగపడాలంటే?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, తిరుపతి)

నమస్కారం. అనుమతి రాగానే తలకోన వైపు ఆకురాల్చే అడవిలో హెక్టారు చొప్పున ఆరు శాశ్వత ప్లాట్లు, అంటే అవే చెట్లను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కొలవడానికి హద్దులు పెట్టి ఉంచే చోట్లు, వేయాలనుకుంటున్నాము. మా గైడుగారికి కర్బన నిల్వల లెక్క కావాలి. నాకు ఎర్రచందనం మొలకల్లో ఎన్ని నిలుస్తున్నాయో తెలియాలి. ఇంకొకరు ఉపగ్రహ చిత్రాలతో సరిచూసుకుంటామంటున్నారు. మట్టి పరీక్షలవారు గుంటలు తవ్వుతామంటున్నారు. ఇరవై ఏళ్ల తరువాత వచ్చేవారికి కూడా పనికివచ్చేలా వీటిని ఎలా వేయాలి?

జవాబు (అటవీ శాఖ విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు)

అమ్మా, ఎవరు వచ్చినా మార్చకూడని కొలతలేవో ముందు తేల్చుకోండి. చెట్టు సంఖ్య, జాతి, ప్లాటులో దాని చోటు, ఛాతీ ఎత్తున చుట్టుకొలత: ఈ నాలుగూ చెడితే మిగతా అవసరాలేవీ నెరవేరవు. ఛాతీ ఎత్తును మన శాఖ 1.37 మీటర్లుగా తీసుకుంటుంది, విదేశీ ప్లాట్లలో 1.3 మీటర్లు, ఏదైనా సరే, కొలిచిన చోట రంగు గీత తప్పనిసరి. ఎర్రచందనం బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా చీలి ఉంటుంది కనుక, టేపు వేలెడు జరిగినా వచ్చే తేడా ఆ చెట్టు కొన్నేళ్ల ఎదుగుదలను మింగేస్తుంది. సంఖ్య బిళ్ల మేకును గీతకు 30 సెంటీమీటర్ల పైన కొట్టండి, మేకు చుట్టూ మాను ఉబ్బుతుంది. ప్రతిసారీ ఒకే నెలలో కొలవండి. ఎండల్లో మాను కాస్త సన్నబడుతుంది కాబట్టి ఒకసారి ఏప్రిల్‌లో, మరోసారి నవంబరు వానల తరువాత కొలిస్తే లేని ఎదుగుదల కనబడుతుంది.

గుంటలు ప్లాటు లోపల వద్దే వద్దు. చుట్టూ 20 మీటర్ల పట్టీ వదిలి, తవ్వేవారిని అక్కడికి పంపండి. మూలలకు రాతి దిమ్మెలు పాతండి. నేను పాతించిన ఇనుప గొట్టాలు మళ్లీ వెళ్లేసరికి ఒక్కటీ మిగలలేదు.

జవాబు (ఉపగ్రహ చిత్రాలపై పనిచేసే అధ్యాపకుడు)

కొండవాలు మీద టేపును నేల వెంబడి పరిస్తే ప్లాటు చిన్నదవుతుంది. 30 డిగ్రీల వాలులో సమతలంగా 100 మీటర్లు రావాలంటే నేల మీద 115 మీటర్లకు పైగా నడవాలి. ఈ సవరణ లేకపోతే హెక్టారుకు కర్బనం ఎంతో చెప్పే లెక్కా తప్పుతుంది, చిత్రంతో పోలికా తప్పుతుంది.

తమిళనాడులోని ముదుమలై అడవిలో 1988లో వేసిన 50 హెక్టార్ల ప్లాటులో ఒక సెంటీమీటరు వ్యాసం దాటిన ప్రతి కాండాన్నీ లెక్కించారు. మీకు అంత శక్తి ఉండదు కనుక, 10 సెంటీమీటర్లు దాటినవాటిని హెక్టారంతటా, సన్నవాటిని కొన్ని 10 మీటర్ల గడులలో, మొలకలను మీటరు గడులలో చూడండి. విత్తనపు మొలకనూ, మోడు నుంచి లేచిన పిలకనూ వేర్వేరుగా రాయకపోతే మీ ప్రశ్నకు జవాబు దొరకదు.

మళ్లీ ప్రశ్న (పరిశోధక విద్యార్థిని)

కృతజ్ఞతలు. పట్టీ, రాతి దిమ్మెలు ఖాయం చేసుకున్నాము. వేసవి మంటల నుంచి ప్లాటును కాపాడటానికి చుట్టూ అగ్గిగీత (మంట దాటకుండా ఎండుటాకులు, గడ్డి తీసేసిన పట్టీ) తీయించాలా?

జవాబు (అటవీ శాఖ విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు)

ప్లాటు కోసమని ప్రత్యేకంగా వద్దమ్మా. చుట్టుపక్కల అడవి కాలుతూ మీ హెక్టారు ఒక్కటే పచ్చగా మిగిలితే అది ఈ అడవికి నమూనా కాదు. మంట వచ్చిన తేదీ, ఏ చెట్టుకు ఎంత ఎత్తు దాకా మసి పట్టిందో రాసుకోండి. ఇంకొక మాట: ఎర్రచందనం చెట్ల చుట్టుకొలతలూ ప్లాటు అక్షాంశ రేఖాంశాలూ కలిపి ఎక్కడా బయటపెట్టవద్దు, దొంగలకు దారి చూపినట్టవుతుంది.