ఓన్‌క్లౌడ్ గ్రాఫ్ఏపీఐ లోపం: యాప్ డిసేబుల్ చేస్తే సరిపోతుందా?

తుంగభద్ర_అడ్మిన్:
డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) నడిచే ఓన్‌క్లౌడ్ 10.12 సర్వర్ (ఫైళ్లు దాచుకుని పంచుకునే సాఫ్ట్‌వేర్) ఇంటర్నెట్‌కి తెరిచే ఉంది. అందులోని గ్రాఫ్ఏపీఐ అనే యాప్ వెర్షన్ 0.3.0. అందులో సీవీఈ-2023-49103 (నమోదైన భద్రతా లోపం నంబరు) ఉందని స్కానర్ చూపించింది. యాప్ డిసేబుల్ చేశాను. లోపానికి మూలమైన గెట్‌పీహెచ్‌పీఇన్ఫో ఫైలు అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే ఏ వివరాలూ రావడం లేదు. ఇంకా పాస్‌వర్డ్‌లన్నీ మార్చాల్సిందేనా?

లాగ్_చూడు:
మార్చాల్సిందేనండి. డిసేబుల్ చేసినా ఫైలు డిస్క్ మీదే ఉంటుంది, దాన్ని వెబ్ సర్వర్ నేరుగా నడిపిస్తుంది. మీ పరీక్ష కూడా చాలదు. అదే అడ్రస్ చివర స్లాష్, చుక్క, సీఎస్ఎస్ చేర్చి కొట్టి చూడండి. సీఎస్ఎస్‌తో ముగిసే అడ్రస్‌లను హెచ్‌టీయాక్సెస్ ఫైల్లోని రీరైట్ నియమాలు (అడ్రస్‌లను దారి మళ్లించేవి) వదిలేస్తాయి, దాంతో పీహెచ్‌పీఇన్ఫో పేజీ (సర్వర్ సెట్టింగ్స్ అన్నీ చూపేది) మొత్తం బయటపడుతుంది. డాకర్‌లో అడ్మిన్, డేటాబేస్, మెయిల్ పాస్‌వర్డ్‌లు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోనే (కంటైనర్‌కు బయటి నుంచి ఇచ్చే సెట్టింగ్ విలువలు) ఉంటాయి కాబట్టి అవన్నీ ఆ పేజీలో కనిపిస్తాయి. ఈ లోపానికి తీవ్రత స్కోరు 10కి 10 ఇచ్చింది అందుకే. 2023 నవంబరు 21న లోపం వెల్లడైతే, 25 నుంచే దాడులు కనిపించాయి. అప్పటి నుంచీ తెరిచి ఉన్న సర్వర్ అయితే రహస్యాలు పోయాయనే అనుకుని పని మొదలుపెట్టండి.

కంటైనర్_కాపరి:
పని ఏ వరసలో చేస్తారన్నది ముఖ్యం. ముందు సర్వర్‌ను బయటి నెట్ నుంచి తప్పించండి. తర్వాత డాకర్ లాగ్‌లను వేరే చోటికి కాపీ చేయండి. కంటైనర్ తీసేస్తే దాని లాగ్ కూడా పోతుంది, తర్వాత వెతకడానికి ఏమీ మిగలదు. సర్వర్‌కు ఎదురుగా రివర్స్ ప్రాక్సీ (బయటి అభ్యర్థనలను అందుకుని లోపలికి పంపేది) ఉంటే దాని యాక్సెస్ లాగ్ కూడా తీయండి. అందులో ఆ ఫైలు పేరుతో 200 జవాబు (పేజీ ఇచ్చేశానని సర్వర్ చెప్పే కోడ్) ఒక్కటి కనిపించినా చాలు, లీక్ జరిగినట్టే.

ఫైలును నడుస్తున్న కంటైనర్‌లో చెరిపి ఊరుకోవద్దు. పాత ఇమేజ్ (కంటైనర్‌ను తయారుచేసే మూల ప్రతి) నుంచి కంటైనర్‌ను మళ్లీ సృష్టించగానే అది తిరిగొస్తుంది. ఇమేజే మార్చండి, గ్రాఫ్ఏపీఐ 0.3.1 గానీ ఆ పైది గానీ ఉండాలి. పీహెచ్‌పీ సెట్టింగ్స్‌లో పీహెచ్‌పీఇన్ఫో ఫంక్షన్‌ను కూడా ఆపేయండి.

ఎక్కువ మంది పొరబడేది పాస్‌వర్డ్‌ల దగ్గరే. ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అసలు పాస్‌వర్డ్ మారదు. ఆ విలువను ఓన్‌క్లౌడ్ మొదటి ఇన్‌స్టలేషన్‌లోనే వాడుకుంటుంది. ఓన్‌క్లౌడ్‌తో వచ్చే ఓసీసీ కమాండ్‌తో రీసెట్ చేయాలి. డేటాబేస్‌ది ముందు మారియాడీబీలో (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) మార్చి, తర్వాత ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో రాయండి. ఆపై కంటైనర్ రీస్టార్ట్ చాలదు, కొత్తగా సృష్టించాలి. లేకపోతే పాత విలువతోనే లేస్తుంది, డేటాబేస్ లాగిన్ ఫెయిలవుతుంది. ఎస్3 (క్లౌడ్ స్టోరేజీ) కీలు వాడుతుంటే పాతవి రద్దు చేసి కొత్తవి ఇవ్వండి.

తుంగభద్ర_అడ్మిన్:
సీఎస్ఎస్ చేర్చితే పేజీ వచ్చేసింది! వెంటనే బయటి పోర్టులు మూసేశాను. కోర్ (ఓన్‌క్లౌడ్ అసలు ప్రోగ్రామ్) వెర్షన్ 10.12లోనే ఉంచి గ్రాఫ్ఏపీఐ ఒక్కటే మార్చవచ్చా?

లాగ్_చూడు:
వద్దండి. 10.6.0 నుంచి 10.13.0 దాకా కోర్‌లోనే సీవీఈ-2023-49105 అనే మరో లోపం ఉంది. సైనింగ్ కీ (లింకులు అసలైనవేనని నిరూపించే రహస్య కీ) పెట్టుకోని యూజర్ పేరు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే వెబ్‌డావ్ (నెట్ ద్వారా ఫైళ్లు చదివి రాసే పద్ధతి) ద్వారా అతని ఫైళ్లు చదవవచ్చు, మార్చవచ్చు, చెరపవచ్చు. డిఫాల్ట్‌గా ఆ కీ ఉండదు. కనీసం 10.13.1కి వెళ్లాకే పోర్టులు తెరవండి. ఓఆథ్2 యాప్ (వేరే ప్రోగ్రామ్‌లకు లాగిన్ అనుమతి ఇచ్చేది) వాడుతుంటే అది 0.6.1 కంటే పాతది కాకుండా చూసుకోండి. తెరిచే ముందు యూజర్ల జాబితాలో కొత్తగా చేరిన అడ్మిన్లు, ఎవరూ పెట్టని పబ్లిక్ లింకులు ఉన్నాయేమో వెతకండి.