చిన్న ప్లేట్ల హోటల్‌కి ఆరుగురం పోతున్నాం: ఆర్డర్ ఎట్లా చెప్పాలి?

మైపాడుగేట్:
శనివారం రాత్రి నెల్లూరులోనే. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న, చెల్లెలు, ఎనిమిదేళ్ల పాప. మెనూ కార్డు లేదంట, ఆ రోజు ఉన్నవి బోర్డు మీద రాస్తారంట. బుల్లి కారం దోశలో రొయ్యల వేపుడు, పీత గుజ్జుతో పునుగులు, బొమ్మిడాయిల పులుసులో ముంచుకోను బన్ను, ఇట్లాంటివి. ప్లేటుకి మూడు నాలుగు ముక్కలే. అమ్మ శాకాహారి. ఎన్ని ప్లేట్లు చెప్పాలి? అన్నీ ఒకేసారి చెప్పేయొచ్చా? బిల్లు చెయ్యి దాటకుండా ఉండాలి. తెలిసినోళ్లు చెప్పండబ్బా.

పెన్నాగట్టు:
మనిషికి రెండు, మహా అయితే మూడు ప్లేట్లు. పాపను సగం లెక్కేసుకుంటే మీకు 13, 14 సరిపోతాయి.

ఒకేసారి మాత్రం చెప్పొద్దు. ఇట్లాంటి వంటిళ్లలో ఏది ముందైతే అది బయటికొస్తది, మీరు చెప్పిన వరసలో రాదు. పన్నెండు ప్లేట్లు ఒక్కసారి చెబితే టేబుల్ నిండిపోతది, వేపుళ్లు ఆవిరికి మెత్తబడతాయి, పులుసు చల్లారి పైన నూనె తేలతది. నాలుగేసి చెప్పండి. ఉన్నవి సగమయ్యేటప్పటికే తర్వాత నాలుగు చెప్పేయాలి. వంటింటికి పది పదిహేను నిమిషాలు పడతది గదా, ప్లేట్లు ఖాళీ అయ్యాక చెబితే గోళ్లు గిల్లుకుంటా కూర్చోవాల.

వరస కూడా చూసుకోండి. పచ్చిమామిడి, దోసకాయ, పెరుగు వేసిన చల్లటివి ముందు. తర్వాత పీత, రొయ్య. చింతపండు పులుసు, కారం దోశ ఆఖరున. చింతపండు ఘాటూ కారం ముందే తగిలితే నాలుక మొద్దుబారి పీతలో ఉండే తీపి తెలియనే తెలియదు. చాలామంది పులుసుతో మొదలుపెట్టి, మిగతావి చప్పగా ఉన్నాయని తిట్టుకుంటారు.

బోర్డు మీద ఏదన్నా కొద్దిగానే ఉందంటే కూర్చోగానే "మాకు రెండు పక్కన పెట్టండి, పంపేది ఆఖర్న" అని చెప్పేయండి. మూడు ముక్కల ప్లేటు ఆరుగురికి ఒకటి చెప్పి లాభం లేదు. రెండు చెప్పండి, లేదంటే ముక్కకింత అని ఎక్కువ వేస్తారేమో అడగండి. కొన్నిచోట్ల వేస్తారు.

40కౌంట్:
రొయ్యల ప్లేటుకి ధర కాదు, కౌంట్ అడగండి. నెల్లూరోళ్లం, అడగడానికి మొహమాటమేంది? 30 కౌంట్ అంటే కిలోకి 30, తలతో ఒక్కోటి 33 గ్రాములు. తల, తొక్క పోతే కండ సగానికి కాస్త పైన, 18 గ్రాములు అనుకోండి. నాలుగు వేస్తే 70 గ్రాముల పైమాటే. అదే 70 కౌంట్ వేస్తే నాలుగు కలిపి 30 గ్రాముల దగ్గరే ఆగిపోతాయి. పైన కరివేపాకు, మసాలా అద్దితే రెండూ ఒకేలా కనిపిస్తాయి, రేటు కూడా ఒకటే రాస్తారు.

రొయ్య గుండ్రంగా చుట్టుకుపోయి గట్టిగా ఉంటే ఎక్కువ వేగినట్టు. సగం చంద్రుడిలా వంగితే చాలు. రాగానే తినేయండి, టేబుల్ మీద ఐదు నిమిషాలుంటే రబ్బరే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట బంద్. అప్పుడు బోర్డు మీద వంజరం కనిపిస్తే తాజాదా, ఐసుదా అని అడగాలి. చెరువు రొయ్యకి ఆ బాధ లేదు. ఆ నెలల్లోనే ఉలవపాడు మామిడి వస్తది కాబట్టి మామిడితో చేసినవాటికి పోవడం మేలు.

వంటింటి కిటికీ:
అమ్మగారి విషయం. "వెజ్" అని రాసినంత మాత్రాన నమ్మకండి. రుచి కోసం కూరగాయల్లో ఎండురొయ్యల పొడి చల్లడం, చేపల మసాలాలో వాడిన నూనెతోనే తాలింపు పెట్టడం కొత్తరకం వంటిళ్లలో ఉంటుంది. రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: ఇందులో రొయ్య పొడి గానీ, చేప ఉడికించిన నీళ్లు గానీ ఉన్నాయా? వేపుడు మూకుడు వేరేనా? మూకుడు ఒకటే అయితే వేపుళ్లు వదిలేసి కాల్చినవి, ఉడికించినవి చెప్పండి. ఎవరికైనా రొయ్య పడకపోతే అది ఆర్డర్ మొదట్లోనే చెప్పాలి, బిల్లు దగ్గర కాదు.

బొమ్మిడాయికి ముళ్లుంటాయి. బన్నుకి పులుసు మాత్రమే అద్ది పాపకు పెట్టండి, ముక్క మీరు ఒలిచి ఇవ్వండి. కొరమీను ఉంటే పిల్లలకు అదే నయం.

గోల బాగా ఉంటుంది. వంటింటి కౌంటర్ దగ్గర ఇద్దరికైతే సరదా, ఆరుగురికి గొంతు పోతుంది. గోడవారగా టేబుల్ అడిగి 7 గంటలకే వెళ్లండి. 9 దాటితే బోర్డు మీద సగం పేర్లు కొట్టేసి ఉంటాయి.

మైపాడుగేట్:
కౌంట్ సంగతి తట్టనే లేదన్నా! ఇంకోటి, నాన్నకి అన్నం లేకపోతే భోంచేసినట్టుండదు. బిల్లు గురించి కూడా ఎవరన్నా చెప్పండి.

పెన్నాగట్టు:
అన్నం ఉంటే రెండో విడతలోనే ఒక ప్లేటు చెప్పేయండి, పులుసుతో పాటు పంపమనండి. విడిగా వస్తే నాన్న వట్టన్నం ముందు పెట్టుకొని కూర్చుంటాడు. లేకపోతే ఇంట్లో పెరుగన్నం సిద్ధంగా ఉంచుకోండి, నిజంగానే చెప్తున్నా.

బిల్లుకి: మూడో విడత ముందు అప్పటిదాకా ఎంతయిందో అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మామూలు హోటళ్లలో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ చార్జీ వాళ్లంతట వాళ్లు కలపకూడదని 2022 జూలైలోనే కేంద్ర మార్గదర్శకాలు వచ్చాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. కలిపి ఉంటే తీసేయమనండి. బాగా చూసుకున్న కుర్రోడికి టిప్పు చేతికిచ్చేయండి.