కీర్తన 19:4లో ‘కొలనూలు’ అంటే?

ప్రశ్న: అందరికీ వందనాలు. 19వ కీర్తన 4వ వచనంలో “వాటి కొలనూలు భూమియందంతట వ్యాపించియున్నది” అని ఉంది. నా ఇంగ్లీషు బైబిల్లో అక్కడ ‘వాయిస్’ అని ఉంది. తెలుగులో పొరపాటు పడిందా? ఆకాశాన్ని చూసి దేవుణ్ణి స్తుతించే చోట కొలతల మాట ఎందుకొచ్చింది?

జవాబు: పొరపాటేమీ లేదండీ. హెబ్రీలో అక్కడున్న మాట ‘కవ్’. కొలవడానికి లాగి పట్టే తాడు అని దాని అర్థం. దేవుడు యోబుతో భూమికి పునాది వేసిన సంగతి చెబుతూ, దానిమీద కొలతాడు వేసినదెవరని అడిగే చోట (38:5) కూడా ఇదే మాట. గ్రీకులోకి కీర్తనలను తెచ్చినవాళ్లు మాత్రం ఇక్కడ స్వరం అని అర్థం వచ్చే మాట పెట్టారు. పౌలు రోమా 10:18లో ఆ గ్రీకు పాఠాన్నే వాడాడు. అందుకే మన బైబిల్లో అక్కడ “వారి స్వరము” అని, కీర్తనలో “కొలనూలు” అని కనిపిస్తుంది. చాలా ఇంగ్లీషు అనువాదాలు కీర్తనలో కూడా స్వరం అనే అర్థాన్నే తీసుకున్నాయి. పాత కింగ్ జేమ్స్‌లో మాత్రం ‘లైన్’ అనే ఉంది.

నాకు కొలనూలే ఇష్టం. పై వచనం చూడండి: “వాటికి భాష లేదు మాటలు లేవు వాటి స్వరము వినబడదు.” అంతకు ముందేమో “పగటికి పగలు బోధచేయుచున్నది” అంటాడు. మాట లేకుండా బోధ ఎలా? మేస్త్రి గోడకు కట్టిన దారం ఏమీ మాట్లాడదు. కానీ దాన్ని చూస్తే కట్టేవాడి మనసులో ఏముందో తెలుస్తుంది. పొద్దు తప్పకుండా పొడవడం, వెన్నెల పెరిగి తరగడం, ఋతువు వెంట ఋతువు రావడం ఇవన్నీ నాకు అలా లాగి కట్టిన దారంలా కనిపిస్తాయి. ప్రార్థనకు మాటలు దొరకని రోజుల్లో డాబా మీదికెళ్లి ఆకాశం చూస్తూ కూర్చుంటాను. దేవుడు దగ్గరే ఉన్నాడని అప్పుడు నిజంగా అనిపిస్తుంది.

యెషయా 40:12 కూడా చదవండి. “తన పుడిసిటిలో జలములు కొలిచినవాడెవడు?” అంటుంది. జేనతో ఆకాశాన్ని కొలవడం కూడా ఆ వచనంలోనే ఉంది. పుడిసిలి, జేన! సముద్రమంత నీళ్లు ఆయనకు చేతి గుంటలో పట్టేంత. ఇంత అచ్చమైన తెలుగు మాటల్లో ఆ సంగతి చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న: బాగా చెప్పారండీ. కానీ ప్రకృతిలో దేవుణ్ణి చూడటం అంటే మా పెద్దవాళ్లు కొంచెం భయపడతారు, సృష్టినే పూజించినట్టవుతుందని.

జవాబు: ఆ భయానికి జవాబు ఈ కీర్తనలోనే ఉందండీ. కొలనూలు ఉన్న వచనం చివర “వాటిలో ఆయన సూర్యునికి గుడారము వేసెను” అని ఉంది. ఐగుప్తులో, బబులోనులో సూర్యుణ్ణి దేవుడిగా కొలిచిన కాలం అది. ఇక్కడ సూర్యుడు దేవుడు వేసిచ్చిన గుడారంలో ఉంటాడు. తర్వాతి వచనంలో పెండ్లికుమారుడిలా సంతోషంగా బయటికొస్తాడు. ఆ అందాన్ని కీర్తనకారుడు మనసారా మెచ్చుకున్నాడు, మొక్కలేదు.

ఇంకో సంగతి. మొదటి వచనంలో ‘దేవుని మహిమ’ అని ఉంది. హెబ్రీలో అక్కడ ‘ఏల్’, అంటే దేవుడు అనే సాధారణమైన మాట. 7వ వచనంలో ధర్మశాస్త్రం గురించి మొదలుపెట్టగానే ‘యెహోవా’ వస్తుంది. అక్కణ్ణుంచి చివరిదాకా ఆ పేరు 7 సార్లు ఉంది. ఆకాశం చూస్తే దేవుడున్నాడనీ ఆయన మహిమ ఎంతటిదో తెలుస్తుంది. ఆయన పేరు, ఆయన మన నుంచి కోరేది వాక్యంలో తెలుస్తాయి. చివరి వచనంలో ‘నా ఆశ్రయదుర్గమా, నా విమోచకుడా’ అని పిలిచేది ఆ పేరు తెలిశాకే. మీ పెద్దవాళ్లతో కూర్చుని 14 వచనాలూ ఒకే బిగిన చదవండి. 6వ వచనం దగ్గర ఆపేస్తేనే వాళ్ల భయానికి చోటుంటుంది.